ఒలీవియా న్యూటన్-జాన్: ‘గ్రీజ్’ అంత హిట్టయ్యాక కూడా సినిమాల్లో ఎందుకు నిలబడలేదు?

వాన_పాట:

అందరికీ నమస్తే. ఈమధ్య ఒలీవియా న్యూటన్-జాన్ పాటలు వరసబెట్టి వింటున్నాను, సినిమాలు కూడా దొరికినవి దొరికినట్టు చూస్తున్నాను. నాకు ఒక విషయం అస్సలు అంతుపట్టడం లేదు, ఇక్కడ పాత ఇంగ్లీషు పాటలు బాగా తెలిసినవాళ్లు ఉన్నారు కాబట్టి అడుగుతున్నా.

‘గ్రీజ్’ 1978లో వచ్చింది. సుమారు 60 లక్షల డాలర్లతో తీశారు. ఆ ఏడాది అమెరికాలో విడుదలైన సినిమాల్లో అన్నిటికంటే ఎక్కువ వసూలు చేసింది. అందులో హీరోయిన్‌గా చేసిన మనిషి, అప్పటికే గాయనిగా పెద్ద పేరున్న మనిషి, ఆ తర్వాత అయిదేళ్లలో చేసింది రెండే సినిమాలు. 1980లో ‘జానడూ’, 1983లో ‘గ్రీజ్’ హీరో జాన్ ట్రవోల్టాతోనే ‘టూ ఆఫ్ ఎ కైండ్’. రెండూ ఆడలేదు. అదే సమయంలో పాటల సంగతి చూస్తే ‘ఫిజికల్’ పది వారాలు అమెరికా చార్టులో మొదటి స్థానం వదల్లేదు! అంటే జనానికి ఆవిడ మీద ఇష్టం తగ్గలేదు కదా. మరి తెర మీద ఎందుకు కుదరలేదు? నటన రాకనా, హాలీవుడ్‌కి ఆవిడతో ఏం చేయించాలో తెలియకనా, లేక ఆవిడకే అంత ఆసక్తి లేకనా?

పాడుతూ నటించేవాళ్లు అనగానే మనకి ముందు భానుమతి గారు గుర్తొస్తారు. తన పాట తనే పాడుకున్నారు, నటించారు, దర్శకత్వం చేశారు, స్టూడియో నడిపారు, ఎక్కడా ఒకటి ఎక్కువ ఒకటి తక్కువ అనిపించదు. అలా ఒలీవియా ఎందుకు కాలేకపోయిందా అని నా బాధ. ఇంకో చిన్న సందేహం కూడా. ఇంగ్లాండులో పుట్టిన మనిషిని ఆస్ట్రేలియన్ గాయని అని ఎందుకంటారు? తెలిసినవాళ్లు కాస్త వివరంగా రాయండి, పొడుగైనా పర్లేదు, చదువుతాను.

పాత_గ్రామఫోన్:

మంచి ప్రశ్న వేశారండీ. నా ఉద్దేశంలో దీనికి జవాబు ‘గ్రీజ్’ తర్వాత వెతికితే దొరకదు, దానికి ఎనిమిదేళ్ల ముందు వెతకాలి. అక్కడికి వచ్చే ముందు కొంచెం మొదటి నుంచి చెప్తాను.

1948 సెప్టెంబరు 26న కేంబ్రిడ్జిలో పుట్టింది. తండ్రి బ్రిన్లీ న్యూటన్-జాన్ వేల్స్ మనిషి, యుద్ధకాలంలో బ్రిటిష్ గూఢచార విభాగంలో పనిచేశాడు, జర్మన్ల ఎనిగ్మా సంకేతాలు ఛేదించిన బ్లెచ్లీ పార్కులో ఉన్నవాడు. తల్లి ఐరీన్, క్వాంటమ్ భౌతికశాస్త్రంలో పెద్ద పేరైన మాక్స్ బోర్న్ కూతురు. మనవాళ్లకి ఇక్కడ ఒక సంగతి నచ్చుతుంది. హిట్లర్ వచ్చాక జర్మనీ విడిచిపెట్టాల్సొచ్చిన ఆ మాక్స్ బోర్న్‌ని సి.వి. రామన్ మన దేశానికి పిలిపించుకున్నారు, 1935-36లో ఆయన బెంగళూరు ఐఐఎస్‌సీలో కొన్ని నెలలు ఉన్నాడు. ఆ తాతగారికి 1954లో నోబెల్ వచ్చింది, సరిగ్గా అదే ఏడాది అయిదేళ్ల ఒలీవియాని తీసుకుని ఇంటిల్లిపాదీ మెల్‌బోర్న్ వెళ్లిపోయారు, తండ్రికి అక్కడి విశ్వవిద్యాలయంలో ఆర్మండ్ కాలేజీలో మాస్టర్ పదవి వచ్చింది కాబట్టి. చదువుల ఇల్లు. ఆ ఇంట్లో ఆఖరి పిల్ల పద్నాలుగేళ్లకే స్నేహితురాళ్లతో సోల్ ఫోర్ అని గ్రూపు కట్టి పాటలు మొదలుపెట్టింది.

తర్వాత జానీ ఓకీఫ్ నడిపే టీవీ కార్యక్రమంలో పోటీ గెలిచింది, బహుమతి ఇంగ్లాండు ప్రయాణం. ఆ పిల్లకి వెళ్లడం ఇష్టంలేదు, తల్లే పట్టుబట్టి ఓడ ఎక్కించింది. అక్కడ మెల్‌బోర్న్ స్నేహితురాలు పాట్ కారోల్‌తో కలిసి క్లబ్బుల్లో జంటగా పాడేది. పాట్‌కి వీసా గడువు అయిపోయి వెనక్కి వెళ్లిపోతే ఈవిడ ఒంటరిగా లండన్‌లో ఉండిపోయింది. ఈ పాట్ పెళ్లాడిన జాన్ ఫెరార్ పేరు గుర్తుపెట్టుకోండి, ఒలీవియా పాటల్లో సగం గొప్పదనం ఆయనది.

ఇప్పుడు అసలు విషయం. ‘మంకీస్’ అనే టీవీ గ్రూపుకి పాటల బాధ్యత చూసిన డాన్ కిర్ష్‌నర్ 1970లో అలాంటిదే ఇంకో గ్రూపు తయారుచేసి, వాళ్లతో సినిమా కూడా తీయించాడు. పేరు ‘టూమారో’. అందులో ఒలీవియా ఒకరు. గ్రహాంతరవాసులు వచ్చి పాటలు పాడే పిల్లల్ని ఎత్తుకెళ్లే కథ. లండన్‌లో ఇలా విడుదలై అలా పోయింది. గ్రూపు చెల్లాచెదరైపోయింది. ఇరవై ఒక్కేళ్ల పిల్లకి అది ఎంత పెద్ద దెబ్బో ఆలోచించండి, పోస్టర్లు, రికార్డులు, పేపర్లలో హడావుడి అన్నీ అయ్యాక సున్నా.

ఆ తర్వాత ఏడెనిమిదేళ్లు సినిమా మాట ఎత్తలేదు. ఎత్తాల్సిన అవసరమూ రాలేదు. బాబ్ డిలన్ పాట పాడి 1971లో పైకొచ్చింది, మన లక్నోలో పుట్టిన క్లిఫ్ రిచర్డ్ టీవీ షోలో కనబడి ఇంటింటికీ తెలిసింది, 1974లో బ్రిటన్ తరఫున యూరోవిజన్ పాటల పోటీకి వెళ్లి నాలుగో స్థానంలో ఆగింది (ఆ ఏడాది గెలిచింది స్వీడన్ గ్రూపు ఆబ్బా, ‘వాటర్లూ’ పాటతో, ఆ రోజు ఎవరు పాడినా గెలిచేవాళ్లు కాదు). అదే సంవత్సరం ‘ఐ ఆనెస్ట్లీ లవ్ యూ’ అమెరికాలో మొదటి స్థానానికి వెళ్లింది, రికార్డ్ ఆఫ్ ది ఇయర్ గ్రామీ తెచ్చింది.

అమెరికాలో ఇంకో గొడవ జరిగింది, దాని గురించి చెప్పకపోతే ఆవిడ ఏ పరిస్థితుల్లో ‘గ్రీజ్’కి వచ్చిందో అర్థం కాదు. 1974లో కంట్రీ సంగీతం (అమెరికా పల్లె బాణీ పాటలు) వాళ్ల సంఘం ఉత్తమ గాయనిగా ఈవిడని ఎన్నుకుంది. పోటీలో ఉన్నవాళ్లు లొరెట్టా లిన్, డాలీ పార్టన్! ఆ సంగీతానికి కేంద్రమైన నాష్‌విల్‌లో పెద్ద దుమారం లేచింది. ఎక్కడో ఆస్ట్రేలియా నుంచి వచ్చిన పాప్ గాయనికి మా అవార్డు ఏమిటని కంట్రీ గాయకులు జార్జ్ జోన్స్, టామీ వైనెట్ ఇంట్లో కొందరు కళాకారులు సమావేశమై వేరే సంఘమే పెట్టుకున్నారు. డాలీ పార్టన్ సొంత చెల్లెలు స్టెల్లా మాత్రం ఒలీవియా పక్షాన ఏకంగా ఒక పాట రికార్డు చేసింది. ఈవిడ ఎవరినీ ఒక్క మాట అనకుండా 1976లో నాష్‌విల్‌కే వెళ్లి ఆల్బమ్ చేసింది. నాకు ఆ తీరు ఎంతో నచ్చుతుంది.

కాబట్టి ‘గ్రీజ్’ అవకాశం వచ్చేసరికి ఆవిడ దగ్గర పోగొట్టుకోడానికి చాలా ఉంది. హెలెన్ రెడ్డీ ఇంట్లో విందులో నిర్మాత అలన్ కార్ కలిసి అడిగాడు. (హెలెన్ రెడ్డీ కూడా మెల్‌బోర్న్ గాయనే, ఇంటిపేరు చూసి మనవాళ్లు అనుకోకండి. ఈవిడని అమెరికా రమ్మని ప్రోత్సహించింది కూడా ఆవిడే.) వెంటనే ఒప్పుకోలేదు. ముందు స్క్రీన్ టెస్ట్ చేయండి, నాకూ ట్రవోల్టాకీ జోడీ కుదిరిందనిపిస్తేనే చేస్తాను అంది. సాధారణంగా నిర్మాతలు అడిగేది అది, ఇక్కడ స్టార్ అడిగింది. హైస్కూలు పిల్లగా కనబడతానా అని భయం, ఎందుకంటే సినిమా విడుదలయ్యేనాటికి ఆవిడకి 29, ట్రవోల్టా అయిదారేళ్లు చిన్నవాడు. అంత జాగ్రత్త మనిషి ఒక హిట్ రాగానే వరసపెట్టి సినిమాలు సంతకం చేస్తుందని ఎలా అనుకుంటాం?

శ్రుతి_పెట్టె:

గ్రామఫోన్ గారు చరిత్ర బాగా చెప్పారు. నేను పాట వైపు నుంచి చెప్తాను, ఎందుకంటే ‘గ్రీజ్’లో ఆవిడ నటన అంతా గొంతులోనే ఉందని నా నమ్మకం.

మనం ప్లేబ్యాక్‌కి అలవాటుపడ్డవాళ్లం, తెర మీద ఒకరు, వెనక ఒకరు, అందులో వింతేమీ లేదు. హాలీవుడ్‌లో కూడా ఇది జరిగింది, కాకపోతే చాటుగా జరిగేది. ‘వెస్ట్ సైడ్ స్టోరీ’లో నటలీ వుడ్‌కి, ‘మై ఫెయిర్ లేడీ’లో ఆడ్రీ హెప్‌బర్న్‌కి పాడింది మార్నీ నిక్సన్, చాలామంది ప్రేక్షకులకి అప్పట్లో ఆ సంగతే తెలియదు. ‘గ్రీజ్’ వాళ్లు దానికి ఎదురు దారిలో వెళ్లారు. ముందు గాయనిని తీసుకుని, పాత్రని ఆవిడకి తగ్గట్టు మార్చారు. సినిమాకి మూలమైన నాటకంలో హీరోయిన్ శాండీ డంబ్రౌస్కీ అనే అమెరికా అమ్మాయి. ఒలీవియాకి అమెరికన్ యాస పెట్టే బదులు శాండీ ఓల్సన్‌గా, ఆస్ట్రేలియా నుంచి వచ్చిన పిల్లగా రాసుకున్నారు. కొత్త ఊళ్లో కొత్త బడిలో ఎవరూ తెలియని పిల్ల అనేసరికి ఆ బెరుకుకి కారణం కూడా దొరికింది. మార్పు చిన్నదే అయినా సినిమాకి చాలా మేలు చేసింది.

ఇక ‘హోప్‌లెస్లీ డివోటెడ్ టు యూ’ సంగతి. అది నాటకంలో లేదు. శాండీకి సోలో పాట ఉండాలన్నది ఒప్పందంలో భాగం, కానీ షూటింగ్ చాలావరకు అయ్యేదాకా పాట కుదరలేదు. చివర్లో జాన్ ఫెరార్ రాసిచ్చాడు. రాత్రిపూట స్నేహితురాలి ఇంటి పెరట్లోకి నైట్ గౌన్‌తో నడిచొస్తుంది, పిల్లలు ఆడుకునే చిన్న నీళ్ల తొట్టిలో హీరో డానీ (ట్రవోల్టా) ముఖం కనబడుతుంది, అంతే. పక్కన ఎవరూ లేరు, డాన్స్ లేదు, డైలాగు లేదు. మూడు నిమిషాలు ఒక్క మనిషి తెరని మోయాలి. మొదటి చరణాల్లో గాలి ఎక్కువ కలిపి, మాట్లాడుతున్నట్టు, దాదాపు గుసగుసగా పాడుతుంది. పల్లవి దగ్గరికి వచ్చేసరికి గొంతు పూర్తిగా తెరుస్తుంది, అలాగని అరవదు. ఏడవకుండా ఏడుపు వినిపించడం అంటే ఏమిటో తెలుసుకోవాలంటే ఆ పాట వినాలి. దానికి ఆస్కార్ నామినేషన్ వచ్చింది.

దాని పక్కన చివర్లో వచ్చే ‘యూ ఆర్ ది వన్ దట్ ఐ వాంట్’ పెట్టి వినండి. అదీ ఫెరార్ రాసిందే. గొంతు మొత్తం మారిపోతుంది, ఛాతీలోంచి గట్టిగా వస్తుంది, పదాలు కొరికినట్టు పలుకుతుంది. పాట వినడానికి 1950ల పాటలా ఉండదు, అది నిజమే, కానీ అమ్మాయి మారిపోయిందని మనల్ని నమ్మించేది నల్ల ప్యాంటు కంటే ఎక్కువగా ఆ గొంతే. (ఆ ప్యాంటుకి జిప్ పాడైపోతే ఆవిడ వేసుకున్నాక కుట్టేసేవారు. అంత బిగుతు బట్టల్లో ఎండలో ఆ డాన్స్ చేయడం మామూలు విషయం కాదు.) అమెరికాలో నంబర్ వన్, బ్రిటన్‌లో తొమ్మిది వారాలు నంబర్ వన్.

కాబట్టి వాన_పాట గారూ, నటన రాలేదా అంటే నేను ఒప్పుకోను. పాట ఉన్నచోట ఆవిడ చాలా మంచి నటి. తర్వాత వచ్చిన కథలకి ఆ గొంతుతో పనిలేకుండా పోయింది, లోపం అక్కడుంది.

మూడో_రీలు:

నేను కొంచెం వేరేగా ఆలోచిస్తున్నా. శ్రుతి_పెట్టె గారు చెప్పింది పాటల వరకు నిజం. కానీ పాట లేని సీన్లు కూడా చూడాలి కదా. ‘గ్రీజ్’లోనే మాటల సీన్లలో స్టాకర్డ్ చానింగ్ పక్కన నిలబడితే తేడా స్పష్టంగా కనబడుతుంది. చానింగ్ కనురెప్ప ఎత్తితే చాలు, ఆవిడ చేసిన రిజ్జో పాత్ర మనసులో ఏముందో తెలుస్తుంది. ఒలీవియా ముఖంలో ఎప్పుడూ ఒకే మంచితనం. అది శాండీకి సరిపోయింది, అన్ని పాత్రలకీ సరిపోదు. నాకూ ఆవిడంటే ఎంతో అభిమానం, అందుకే చెప్తున్నా.

‘జానడూ’ విషయానికొస్తే తప్పు ఆవిడ ఒక్కదానిదీ కాదు. ఆకాశం నుంచి దిగొచ్చిన కళాదేవతల్లో ఒకరు ఒక చిత్రకారుడికి ప్రేరణ ఇచ్చి రోలర్ స్కేటింగ్ డిస్కో పెట్టిస్తుంది, కథ అదే. స్క్రిప్టు పూర్తిగా కుదరకుండానే షూటింగ్‌కి వెళ్లారు, రాసుకుంటూ తీశారు, తీస్తూ మార్చారు. పైగా 1980 అంటే అమెరికాలో డిస్కో మీద జనానికి విసుగు పుట్టిన సమయం. అదే ఏడాది అలన్ కార్ తీసిన ‘కాంట్ స్టాప్ ది మ్యూజిక్’ కూడా దారుణంగా పోయింది. ఈ రెండు సినిమాలూ ఒకేసారి చూసి విసిగిపోయిన జాన్ విల్సన్ అనే ఆయన అతి చెత్త సినిమాలకిచ్చే రాజీ అవార్డులు మొదలుపెట్టాడు. అలాంటి పేరు ఒకసారి అంటుకుంటే హీరోయిన్‌కి కథలు ఎవరు తెస్తారు?

అయినా ఆ సినిమాలో నాకు ఎప్పటికీ విలువైనది ఒకటుంది. జీన్ కెల్లీ! అరవై ఏడేళ్ల వయసులో, సంగీత సినిమాల్లో ఆయన చేసిన చివరి పాత్ర అది. ఒలీవియాతో ఆయన చేసిన ట్యాప్ డాన్స్ చూడండి. ఆవిడ డాన్సర్ కాదు, ఎదురుగా ఉన్నది ప్రపంచంలోనే పేరుమోసిన డాన్సర్, ఐనా బెదరకుండా శుభ్రంగా అడుగులు వేసింది. ఆ నాలుగు నిమిషాల కోసం సినిమా అంతా భరించవచ్చు.

పాటలైతే చెప్పక్కర్లేదు. ‘మ్యాజిక్’ నాలుగు వారాలు అమెరికాలో నంబర్ వన్. ఇ.ఎల్.ఓ. అనే బ్రిటిష్ రాక్ గ్రూపు వాళ్లతో పాడిన టైటిల్ పాట బ్రిటన్‌లో నంబర్ వన్. క్లిఫ్ రిచర్డ్‌తో డ్యూయెట్ కూడా హిట్. సినిమా పోయి ఆల్బమ్ బతికింది. 1983లో ‘టూ ఆఫ్ ఎ కైండ్’కి కూడా అచ్చం అలాగే జరిగింది. సినిమాని విమర్శకులు చీల్చి చెండాడారు, అందులో పాట ‘ట్విస్ట్ ఆఫ్ ఫేట్’ అమెరికాలో మొదటి అయిదింట్లోకి వెళ్లింది. ఇలా రెండుసార్లు జరిగాక ఏ గాయని అయినా ఏం నేర్చుకుంటుంది? మైకు వైపు నడిస్తే ఆదరణ, కెమెరా వైపు నడిస్తే తిట్లు.

ఇంకో సంగతి, శాండీ రెండు ముఖాల్నీ సినిమాల కంటే బాగా వాడుకుంది 1981లో ‘ఫిజికల్’. అప్పటిదాకా పక్కింటి మంచి పిల్ల ఇమేజీ. ఆ పాట రికార్డు చేశాక భయపడి విడుదల ఆపాలనుకుంది, కానీ అప్పటికే చేయి దాటిపోయింది. అమెరికాలో ఉటా రాష్ట్రంలో కొన్ని రేడియో స్టేషన్లు నిషేధించాయి. పాటలో ఉన్న అర్థాన్ని కొంచెం మళ్లించడానికి వీడియో మొత్తం జిమ్‌లో, తలకి పట్టీతో, వ్యాయామం లాగా తీశారు. ఆ పట్టీ, ఆ బట్టలు ప్రపంచమంతా ఫ్యాషన్ అయిపోయాయి. ఆ వీడియోల సంపుటికి గ్రామీ వచ్చింది. పాటల వీడియోల చానెల్ ఎం.టీ.వీ. మొదలైన ఏడాదే అది. అంటే కెమెరా ముందు ఆవిడకి తగిన చోటు ఒకటి దొరికింది, కాకపోతే అది రెండు గంటల సినిమా కాదు, నాలుగు నిమిషాల వీడియో.

యారా_ఒడ్డు:

మెల్‌బోర్న్ నుంచి రాస్తున్నాను. ముందు చిన్న సందేహానికి జవాబు. ఇక్కడ ఆవిడ ఎక్కడ పుట్టిందని ఎవరూ అడగరండీ. అయిదేళ్లకు వచ్చింది, ఇక్కడే చదువుకుంది, ఇక్కడే పాడటం నేర్చుకుంది, 2000లో సిడ్నీ ఒలింపిక్స్ ప్రారంభోత్సవంలో జాన్ ఫార్నమ్‌తో కలిసి పాడింది. 2022 ఆగస్టు 8న కాలిఫోర్నియాలో, 73 ఏళ్ల వయసులో పోతే, విక్టోరియా ప్రభుత్వం అధికారికంగా సంస్మరణ సభ పెట్టింది, 2023 ఫిబ్రవరిలో, హేమర్ హాల్‌లో. ఈ దేశంలో దాదాపు మూడోవంతు మంది ఎక్కడో పుట్టి ఇక్కడికి వచ్చినవాళ్లే, మా పిల్లల్ని ఆస్ట్రేలియన్లు కాదంటే మేం ఊరుకుంటామా?

ఇక సినిమాల గురించి. పైన అందరూ 1983 దగ్గర ఆగిపోయారు, నాకు అదే లోటనిపించింది. 1984లో మాట్ లటాంజీని పెళ్లి చేసుకుంది (ఆయన పరిచయమైంది ‘జానడూ’ సెట్‌లోనే), 1986లో కూతురు క్లోయి పుట్టింది. అప్పటికి ఆవిడకి ముప్పై ఏడేళ్లు. పిల్ల పుట్టాక కావాలనే పని తగ్గించుకుంది. పాత స్నేహితురాలు పాట్‌తో కలిసి కోలా బ్లూ అని బట్టల దుకాణాలు పెట్టింది, మొదట్లో బాగా నడిచి చివరికి దివాళా తీశాయి.

తర్వాత 1992. పాత హిట్ల సంపుటితో పెద్ద టూర్ మొదలుపెట్టబోతుండగా రొమ్ము క్యాన్సర్ అని తేలింది. అదే రోజుల్లో తండ్రి పోయాడు, అదీ క్యాన్సర్‌తోనే. టూర్ రద్దు. ఆపరేషన్, కీమో. ఆ రోజుల్లో సినిమావాళ్లు, పాటలవాళ్లు ఇలాంటి జబ్బు పేరు బయటికి చెప్పేవాళ్లు కాదు. ఈవిడ పేరు పెట్టి చెప్పింది, ఆడవాళ్లు తమంతట తాము పరీక్షించుకోవాలని, అనుమానం వస్తే ఒక పరీక్షతో ఊరుకోవద్దని సంవత్సరాల తరబడి చెబుతూనే ఉంది. 1994లో వచ్చిన ‘గయా’ ఆల్బమ్‌లో పాటలన్నీ తనే రాసుకుంది, జబ్బు గురించి, భయం గురించి. హిట్ కాలేదు. నా దృష్టిలో ఆవిడ ఆల్బమ్‌లలో అన్నిటికంటే నిజాయితీ ఉన్నది అదే.

అసలు ఒక విషయం ఎవరూ చెప్పలేదు, ఆవిడ మంచి నటన ఈ తర్వాతి కాలంలోనే ఉంది. 1996లో ‘ఇట్స్ మై పార్టీ’ అని ‘గ్రీజ్’ దర్శకుడు రాండల్ క్లైజరే తీశాడు, ఎయిడ్స్‌తో చనిపోబోతున్న మనిషి స్నేహితులందరికీ వీడ్కోలు విందు ఇచ్చే కథ. అందులో ఈవిడది చిన్న పాత్ర, పాటతో సంబంధం లేదు, ఎంత సహజంగా ఉంటుందో. 2000లో ‘సోర్డిడ్ లైవ్స్’లో జైలు నుంచి వచ్చిన, గిటార్ పట్టుకుని బార్లలో పాడే మొరటు ఆడమనిషిగా చేసింది, శాండీకి పూర్తిగా వ్యతిరేకం. 2011లో ఇక్కడి సినిమా ‘ఎ ఫ్యూ బెస్ట్ మెన్’లో పెళ్లికూతురి తల్లి, కూతురి పెళ్లిలో అదుపు తప్పి అల్లరి చేసే పెద్దావిడ. మూడో_రీలు గారు ఒకే మంచితనం అన్నారు కదా, ఇవి చూసి మళ్లీ చెప్పండి, వాదన కోసం కాదు, నిజంగా మీ అభిప్రాయం తెలుసుకోవాలనుంది.

మెల్‌బోర్న్‌లో ఆవిడ పేరు ఇప్పుడు ఎక్కువగా వినబడేది సినిమాల వల్ల కాదు, హైడెల్‌బర్గ్‌లో ఆస్టిన్ హాస్పిటల్లో ఉన్న క్యాన్సర్ సెంటర్ వల్ల. దాని కోసం 2008లో చైనా గోడ మీద వారాల తరబడి నడిచి డబ్బు పోగుచేసింది. 2012లో తెరిచారు. చికిత్స, పరిశోధన ఒకచోటే ఉంటాయి, దానితోపాటు సంగీతం, చిత్రలేఖనం, యోగా లాంటివి కూడా రోగులకి అందుబాటులో ఉంచాలని ఆవిడ పట్టుబట్టింది, కీమో తీసుకుంటున్నప్పుడు తనకి అవి ఎంత అవసరమనిపించాయో చెప్పి మరీ. ఏటా దాని కోసం జరిగే నడకలో మా తెలుగువాళ్లం కూడా కొందరం వెళ్తుంటాం. 2013లోనూ తర్వాత 2017లోనూ జబ్బు తిరగబెట్టినా ఆ పని మానలేదు. 2019లో ‘గ్రీజ్’లో వేసుకున్న తోలు జాకెట్, ప్యాంటు వేలం వేస్తే రెండూ కలిపి 4,05,700 డాలర్లు వచ్చాయి, ఆ డబ్బు సెంటర్‌కి. జాకెట్ కొన్నాయన పేరు చెప్పకుండా దాన్ని తిరిగి ఆవిడకే ఇచ్చేశాడు, ఇది మీదే, మీ దగ్గరే ఉండాలి అని.

వాన_పాట:

అందరికీ చాలా చాలా థ్యాంక్స్. ఇంత వివరంగా వస్తుందని అనుకోలేదు. మాక్స్ బోర్న్ బెంగళూరు సంగతి చదివి మా ఇంట్లో అందరికీ చెప్పాను.

మీరంతా రాసింది చదివాక ఒకటి అనిపిస్తోంది. భానుమతి గారితో కాదు, బాలు గారితో పోల్చి చూడాలేమో. ఆయన కూడా ముందూ వెనకా గాయకుడే, మధ్యమధ్యలో నటించారు, సరైన పాత్ర దొరికితే ‘మిథునం’లాగా పెద్ద వయసులో నిలిచిపోయేది చేశారు. ఒలీవియాకి అలాంటి ‘మిథునం’ ఒకటి దొరకలేదు, అంతే తేడా అనుకుంటున్నా. మీరేమంటారు? ఇంకా, పాటల్లో ‘ఫిజికల్’, ‘గ్రీజ్’ కాకుండా ఎక్కడ మొదలుపెట్టాలో కూడా చెప్పండి.

పాత_గ్రామఫోన్:

బాలు గారి పోలిక చాలా సరిగ్గా ఉంది. ఒక్క మాట కలుపుతాను. బాలు గారికి ఆ వయసులో కూడా కథ రాసేవాళ్లు, నమ్మి తీసేవాళ్లు ఇక్కడ ఉన్నారు. హాలీవుడ్‌లో నలభై దాటిన నటికి, అందులోనూ రెండు ఫ్లాపులు మోస్తున్న గాయనికి ఎవరూ అలా రాయలేదు. యారా_ఒడ్డు గారు చెప్పిన సినిమాలన్నిట్లో ఆవిడవి చిన్న పాత్రలే కావడానికి అదే కారణం. చేసినవి చూస్తే పెద్దవి కూడా మోయగలిగేదనే నాకనిపిస్తుంది.

పాటలంటే ‘ఐ ఆనెస్ట్లీ లవ్ యూ’తో మొదలుపెట్టండి, వాయిద్యాలు దాదాపు లేనట్టే ఉంటాయి, గొంతు ఒక్కటే. తర్వాత ‘హావ్ యూ నెవర్ బీన్ మెలో’, అదీ 1975లో అమెరికాలో నంబర్ వన్. ‘లెట్ మీ బి దేర్’ వింటే నాష్‌విల్ గొడవ దేనికో అర్థమవుతుంది, 1973 నాటి ఆ పాటకే కంట్రీ విభాగంలో మొదటి గ్రామీ వచ్చింది. ‘టేక్ మీ హోమ్, కంట్రీ రోడ్స్’ ఆవిడ గొంతులో జపాన్‌లో విపరీతంగా ఇష్టపడతారు, 1995లో అక్కడి జిబ్లీ స్టూడియో వాళ్ల యానిమేషన్ సినిమా ‘విస్పర్ ఆఫ్ ది హార్ట్’ మొదలయ్యేదే ఆ పాటతో. అవన్నీ అయ్యాక ‘గయా’ ఆల్బమ్ మొత్తం, మధ్యలో ఆపకుండా, వరస మార్చకుండా వినండి. విన్నాక ఇక్కడే రాయండి, నాకు ఆ ఆల్బమ్ గురించి మాట్లాడేవాళ్లు దొరకడం లేదు.

మూడో_రీలు:

యారా_ఒడ్డు గారూ, ‘సోర్డిడ్ లైవ్స్’ నాకు దొరికింది, ‘ఎ ఫ్యూ బెస్ట్ మెన్’ కోసం వెతుకుతున్నా. రెండూ చూశాక ఇదే థ్రెడ్‌లో రాస్తాను. స్టాకర్డ్ చానింగ్ గురించి అన్న మాట మీద మాత్రం ఇంకా నిలబడే ఉన్నాను!